కీళ్ళవాతానికి యాంటీబయాటిక్, పథ్యం: ఒక చికిత్స చరిత్ర



ఇంట్లో అమ్మమ్మకో, మేనత్తకో కీళ్ళవాతం ఉంటే చూడవచ్చిన బంధువులు ఏమేం సలహాలిస్తారో మీరు వినే ఉంటారు. వంకాయ మానెయ్యమని ఒకరంటారు. దుంపకూరలు వాతం చేస్తాయని ఇంకొకరంటారు. చింతపండు ముట్టుకోవద్దని, పుల్లపెరుగు పనికిరాదని మరొకరు. ఈ మధ్య వీటికి తోడు ఇంకో సలహా కూడా వినిపిస్తోంది. కీళ్ళవాతం అసలు సూక్ష్మజీవుల వల్లే వస్తుందట, నెలల తరబడి యాంటీబయాటిక్ వాడితే వేళ్ళతో సహా పోతుందట!

ఈ సలహాలేవీ నిన్నమొన్న పుట్టినవి కావు. వీటి వెనక వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో గొప్ప విజయాలున్నాయి, విచారించవలసిన పొరపాట్లున్నాయి, తప్పు ఊహతో బయలుదేరి సరైన మందు దగ్గరకు చేరిన సందర్భాలూ ఉన్నాయి. మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఒకరు ఈ కథలో రెండు చోట్ల కనిపిస్తారు. ఆ చరిత్రను ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందుగా పేర్ల చిక్కు విడదీసుకోవాలి. 'రుమాటిజం' అన్న మాటకు మూలం గ్రీకు భాషలో 'ప్రవాహం' అనే అర్థమున్న పదం. శరీరంలో ఏదో చెడు ద్రవం పారి కీళ్ళలో చేరుతుందని పూర్వులు అనుకున్నారు. ఆ ఒక్క పేరు కింద ఇప్పుడు వందకు పైగా జబ్బులున్నాయి. మనకు కావలసినవి మూడు. మొదటిది రుమాటిక్ జ్వరం. ఇది ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు గొంతునొప్పి తర్వాత వస్తుంది, కీళ్ళను పట్టి వదిలిపెడుతుంది గాని గుండె కవాటాలను పాడుచేస్తుంది. రెండవది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. చేతివేళ్ళు వాచి, పొద్దున్నే బిగుసుకుపోయి, చికిత్స లేకపోతే కొన్నేళ్ళకు వంకర తిరుగుతాయి. ఈ పేరును 1859లో వాడుకలోకి తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ గారోడ్ అనే వైద్యుడు. మూడవది గౌట్. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, స్ఫటికాలుగా కీళ్ళలో పేరుకుంటే వచ్చే జబ్బు ఇది. ఈ మూడింటినీ ఒకే 'వాతం' అనుకోవడంతోనే చాలా పొరపాట్లు మొదలయ్యాయి.

పళ్ళు పీకిన కాలం

19వ శతాబ్దం చివర పాశ్చర్, కాక్‌ల పరిశోధనలతో వైద్యశాస్త్రం తీరే మారిపోయింది. క్షయ, కలరా, డిఫ్తీరియా, ఒక్కొక్క జబ్బుకీ ఒక్కొక్క సూక్ష్మజీవి దొరుకుతోంది. అలాంటి రోజుల్లో కీళ్ళవాతానికి కూడా ఏదో సూక్ష్మజీవి ఉండే ఉంటుందని అనుకోవడంలో వింతేమీ లేదు. 1910ల ప్రాంతంలో షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ అనే ప్రముఖ వైద్యుడు ఒక సిద్ధాంతాన్ని ప్రచారం చేశాడు. పంటి మొదట్లోనో, టాన్సిల్స్‌లోనో, పేగుల్లోనో చిన్న చీముగూడు దాగి ఉంటుందనీ, అక్కడి నుంచి సూక్ష్మజీవులు గాని, వాటి విషం గాని రక్తంలో ప్రయాణించి కీళ్ళను పాడుచేస్తాయనీ అన్నాడు.

సిద్ధాంతం వినడానికి ఎంతో సబబుగా ఉంది. దాని ఫలితంగా ఏమైందంటే, వేలాదిమంది రోగుల పళ్ళు పీకేశారు, టాన్సిల్స్ కోసేశారు. కొందరికి నోట్లో ఒక్క పన్ను కూడా మిగలలేదు. కీళ్ళనొప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. దీనికి తెరదించినవారిలో ముఖ్యుడు రస్సెల్ సెసిల్. ఆయన కూడా ఒకప్పుడు ఈ సిద్ధాంతాన్ని నమ్మినవాడే. 1938లో ఆయన, ఏంజివిన్ అనే సహచరుడు కలిసి 200 మంది రోగుల వివరాలు పరిశీలించి, పళ్ళు, టాన్సిల్స్ తీసేసినందువల్ల ప్రయోజనం కనిపించలేదని ప్రచురించారు. తాను నమ్మినదాన్ని తానే లెక్కలు వేసి కాదనడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. నా దృష్టిలో ఈ కథలో నిజమైన కథానాయకుల్లో ఆయన ఒకరు.

తప్పు ఊహ, పనిచేసిన మందు

అదే కాలంలో ఫ్రాన్సులో జాక్ ఫారెస్టియే అనే వైద్యుడు రోగులకు బంగారు లవణాల ఇంజెక్షన్లు ఇవ్వసాగాడు. ఎందుకు బంగారం? క్షయ సూక్ష్మజీవి పెరుగుదలను బంగారు సయనైడు పరీక్షనాళికలో ఆపుతుందని 1890లోనే రాబర్ట్ కాక్ చెప్పాడు. కీళ్ళవాతానికీ క్షయకూ ఏదో సంబంధముందని ఫారెస్టియే అనుకున్నాడు. ఆ సంబంధమేమీ లేదని తర్వాత తేలింది. కాని ఆయన 1929లో ప్రకటించిన ఫలితాలు నిలిచాయి! బంగారం చాలామందిలో వాపును నిజంగానే తగ్గించింది. మూత్రపిండాలకూ చర్మానికీ హాని చేస్తుందని తెలిసినా, కొన్ని దశాబ్దాల పాటు అదే ప్రధాన చికిత్సగా ఉండిపోయింది.

స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ కథ కూడా ఇలాంటిదే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ బాక్టీరియా వల్ల వస్తుందని ఆమె నమ్మకం. బాక్టీరియాను అణిచే సల్ఫా మందును, నొప్పి తగ్గించే సాలిసిలిక్ ఆమ్లపు రూపాన్ని ఒకే అణువులో కలిపితే రెండు పనులూ జరుగుతాయని ఆమె ఆలోచన. అలా 1940ల తొలి రోజుల్లో సల్ఫాసలజీన్ తయారైంది. 1940ల చివర బ్రిటన్‌లో జరిగిన ఒక పరీక్షలో అది కీళ్ళకు పనిచేయదని తేలడంతో దాన్ని అటకెక్కించారు. పెద్దపేగు వాపు జబ్బుకు మాత్రం వాడుతూ వచ్చారు. ముప్పై ఏళ్ళ తర్వాత బర్మింగ్‌హామ్‌లో మెకాంకీ అనే వైద్యుడు దాన్ని మళ్ళీ పరీక్షించి, కీళ్ళకు కూడా పనిచేస్తుందని చూపించాడు. ఈనాడు మన దేశంలో కీళ్ళవాత వైద్యుల చీటీల్లో తరచు కనిపించే మందుల్లో అదొకటి. ఆమె ఊహించిన బాక్టీరియా మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు.

యాంటీబయాటిక్ నిజంగా గెలిచిన చోటు

రుమాటిక్ జ్వరం విషయంలో మాత్రం సూక్ష్మజీవి ఊహ అక్షరాలా నిజమైంది. 1930ల ఆరంభంలో అమెరికాలో ఆల్విన్ కోబర్న్, ఇంగ్లండులో విలియం కోలిస్ ఈ జ్వరానికి ముందు గొంతులో ఒక రకం స్ట్రెప్టోకాకస్ చేరుతోందని గమనించారు. ఆ సూక్ష్మజీవి గుండెలోకి పోదు. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు, పోలిక వల్ల పొరపడి, గుండె కణజాలాన్నే శత్రువనుకుంటాయి. 1949, 1950 ప్రాంతంలో వ్యోమింగ్ రాష్ట్రంలోని ఒక సైనిక వైమానిక స్థావరంలో రామెల్‌క్యాంప్, వానమేకర్, డెన్నీ అనే వైద్యులు గొంతునొప్పి వచ్చిన యువ సైనికులకు పెన్సిలిన్ ఇచ్చి చూశారు. పెన్సిలిన్ తీసుకున్నవారిలో రుమాటిక్ జ్వరం చాలావరకు రానేలేదు.

ఒకసారి ఈ జ్వరం వచ్చిన పిల్లలకు మళ్ళీ రాకుండా మూడు నాలుగు వారాలకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి ఇస్తారు. పెద్ద మోతాదు 12 లక్షల యూనిట్లు. ఇది ప్రత్యామ్నాయ చికిత్స కాదు, అసలు చికిత్స. సూది నొప్పికి భయపడో, పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా అనుకునో మధ్యలో మానేసిన ఇళ్ళు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. ఆ మానడానికి మూల్యం పాడైన గుండె కవాటం.

బ్రౌన్ పట్టుదల

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. 1930ల చివర న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో హోమర్ స్విఫ్ట్, థామస్ మెక్‌ఫర్సన్ బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు పనిచేస్తుండేవారు. రుమాటిక్ రోగుల కణజాలం నుంచీ, కీళ్ళ ద్రవం నుంచీ ఒక వింత సూక్ష్మజీవిని వేరుచేశామని 1939లో ప్రకటించారు. ఈ వర్గాన్నే ఇప్పుడు మైకోప్లాస్మా అంటున్నాం. మామూలు బాక్టీరియాకు ఉండే కణకవచం వీటికి ఉండదు. పెన్సిలిన్ చేసే పని ఆ కవచం కట్టకుండా అడ్డుకోవడమే కనుక, కవచమే లేని జీవిని అది ఏమీ చేయలేదు. టెట్రాసైక్లిన్ దారి వేరు. అది సూక్ష్మజీవి రైబోజోమును పట్టుకుని ప్రోటీన్ల తయారీనే ఆపేస్తుంది. అందుచేత మైకోప్లాస్మా మీద పనిచేస్తుంది.

బ్రౌన్ ఈ తర్కాన్ని జీవితాంతం వదలలేదు. టెట్రాసైక్లిన్ వర్గం మందులు వచ్చాక వాటిని తక్కువ మోతాదులో, రోజు విడిచి రోజు, నెలలూ సంవత్సరాలూ ఇచ్చాడు. వాషింగ్టన్ ప్రాంతంలో ఆయన దగ్గరకు దూరదూరాల నుంచి రోగులు వచ్చేవారు. 1988లో హెన్రీ స్కామెల్‌తో కలిసి ఆయన రాసిన 'ది రోడ్ బ్యాక్' అనే పుస్తకం రోగుల్లో బాగా వ్యాపించింది. 1989లో ఆయన మరణించాడు.

ఆయన వాదనలో బలం లేకపోలేదు. కోళ్ళకూ పందులకూ మైకోప్లాస్మా వల్ల నిజంగానే కీళ్ళవాపు వస్తుంది. 1970లలో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి పరిసరాల పిల్లల్లో కనిపించిన కీళ్ళవాపును వైద్యులు మొదట రుమటాయిడ్ జబ్బే అనుకున్నారు. 1980ల తొలి రోజుల్లో దానికి కారణం పిడుదుకాటు వల్ల వచ్చే బాక్టీరియా అని తేలింది, యాంటీబయాటిక్‌తో నయమైంది. బలహీనత ఎక్కడంటే, రుమటాయిడ్ రోగుల కీళ్ళలో మైకోప్లాస్మాను ఇతర ప్రయోగశాలలు నిలకడగా చూపలేకపోయాయి. పైగా ప్రయోగశాలల్లో పెంచే కణాలను కలుషితం చేయడంలో మైకోప్లాస్మా పేరుమోసినది. కనిపించినది రోగి కీలు లోంచి వచ్చిందా, గాజుపాత్ర లోంచి వచ్చిందా అన్న సందేహం తీరలేదు. ఇంకొక లోటు మరీ పెద్దది. బ్రౌన్ తన రోగుల్లో సగం మందికి ఉత్తుత్తి మాత్రలిచ్చి పోల్చి చూసే పరీక్షతో తన చికిత్సను నిలబెట్టలేదు.

పెర్ల్ రివర్ నుంచి రెండు మందులు

ఇక్కడ మన భీమవరం వస్తుంది. 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు వెళ్ళి అక్కడి పరిశోధనలకు నాయకుడయ్యారు. ఆయన నాయకత్వంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు రకరకాల మట్టి నమూనాలు వెదికి, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టి నుంచి 1945లో ఆరియోమైసిన్‌ను సాధించాడు. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటి మందు అదే. బ్రౌన్ చికిత్సకు మూలం అక్కడుంది. తర్వాతి కాలంలో కీళ్ళ పరీక్షల్లో వాడిన మినోసైక్లిన్ కూడా లెడర్లేలోనే తయారైంది.

అదే ప్రయోగశాలలో మరో బల్ల మీద సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి, దాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే అణువులను సృష్టించింది. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అలా పుట్టినవే. 1947, 1948లలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో రక్తకాన్సర్ ఉన్న పిల్లల్లో మొదటిసారి ఉపశమనం చూపాడు. 1948 ఆగస్టులో సుబ్బారావు మరణించారు. మూడేళ్ళ తర్వాత, 1951లో, రిచర్డ్ గుబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్ రుమటాయిడ్ రోగుల్లో వాపు తగ్గిస్తోందని రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి అందరి కళ్ళూ కార్టిజోన్ మీద ఉన్నాయి. మంచం దిగలేనివారిని నడిపించిన ఆ మందుకు 1950లోనే నోబెల్ బహుమతి వచ్చింది, దాని దుష్ఫలితాలు తర్వాత బయటపడ్డాయి. మెథోట్రెక్సేట్ మాత్రం తన వంతు కోసం 1980ల దాకా వేచి ఉంది. 1985లో వైన్‌బ్లాట్ బృందం ఉత్తుత్తి మాత్రతో పోల్చి దాని ప్రయోజనం చూపింది. 1988లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఈనాడు ప్రపంచమంతటా రుమటాయిడ్ చికిత్స మొదలయ్యేది సాధారణంగా దానితోనే. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని కూడా ఇక్కడే చెప్పాలి.

ఒకే ప్రయోగశాలలో పుట్టిన రెండు మందుల్లో ఒకటి ముందుకు పోయింది, రెండోది పక్కదారిలో ఉండిపోయింది. రెండోదాన్ని పరీక్షించకుండా తోసేశారనే మాట బ్రౌన్ అభిమానుల్లో తరచు వినిపిస్తుంది. చరిత్ర అలా లేదు.

పరీక్షలు ఏం చెప్పాయి?

1971లో వెలువడిన ఒక పరీక్షలో టెట్రాసైక్లిన్‌కూ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనిపించలేదు. బ్రౌన్ పోయాక, రోగుల ఒత్తిడి కూడా తోడై, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సహాయంతో పెద్ద పరీక్ష జరిగింది. 219 మంది రోగులు, 48 వారాలు. సగం మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల మినోసైక్లిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. 1995లో ఫలితాలు వచ్చాయి. కీళ్ళవాపు తగ్గినవారు మందు తీసుకున్నవారిలో 54 శాతం. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 39 శాతం!

ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగండి. ఏ మందూ లేని మాత్ర మింగి నూటికి 39 మంది మెరుగయ్యారు. కీళ్ళవాతం దానంతట అదే ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ఎక్కువైనప్పుడే మనం వైద్యుడి దగ్గరకో, కొత్త పథ్యానికో పరుగెడతాం. ఆ తర్వాత తగ్గిన ప్రతిదాన్నీ ఆ మందు ఖాతాలోనే వేస్తాం. పోల్చి చూసే గుంపు లేకపోతే ఎంత నిజాయితీ గల వైద్యుడైనా మోసపోతాడు. బ్రౌన్ విషయంలో జరిగింది కొంతవరకు ఇదే. అయితే 39కీ 54కీ తేడా నిజమైనదే. మందు కొంత పనిచేసింది. 1997లో నెబ్రాస్కాలో జేమ్స్ ఓడెల్ బృందం జబ్బు కొత్తగా వచ్చిన 46 మందిని తీసుకుంటే తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది.

అయితే బ్రౌన్ చెప్పిందే నిజమా? 1983లో న్యూయార్కు రాష్ట్రంలో లోర్న్ గోలబ్ అనే దంతవైద్య పరిశోధకుడు మధుమేహమున్న ఎలుకల చిగుళ్ళను పరిశీలిస్తూ ఒక విశేషం గమనించాడు. కొలాజెన్‌ను కొరికివేసే కొలాజినేజ్ అనే ఎంజైమును మినోసైక్లిన్ అణిచివేస్తోంది. అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో కూడా! అంటే చంపడానికి బాక్టీరియా లేకపోయినా మందు తన పని చేస్తోంది. కీళ్ళలోని మృదులాస్థిని తినేసేది ఆ జాతి ఎంజైములే. 2006లో ఓడెల్ బృందం మెథోట్రెక్సేట్‌కు తోడుగా డాక్సీసైక్లిన్‌ను రెండు మోతాదుల్లో ఇచ్చి చూసింది. ఒక గుంపుకు రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాములు, ఇంకో గుంపుకు రెండుసార్లు 20 మిల్లీగ్రాములే. ఆ చిన్న మోతాదు బాక్టీరియాను చంపడానికి చాలదు. అయినా రెండు గుంపులూ దాదాపు సమానంగా మెరుగయ్యాయి. 66 మందితో చేసిన చిన్న పరీక్షే అయినా, మందు పనిచేసేది యాంటీబయాటిక్‌గా కాదని గట్టిగా సూచించింది.

ఈలోగా మెథోట్రెక్సేట్, దానితోపాటు 1998 నుంచి వచ్చిన జీవసంబంధ మందులు ఇంకా బాగా పనిచేశాయి. మినోసైక్లిన్‌తో కొందరికి చర్మం నీలంగా మారడం, తల తిరగడం, అరుదుగా లూపస్ వంటి జబ్బు రావడం కనిపించింది. 2015 నాటి అమెరికా కీళ్ళవైద్యుల మార్గదర్శకాల్లో, చాలా తక్కువగా వాడుతున్నారన్న కారణంతో, దాన్ని చేర్చలేదు.

పథ్యం మాటేమిటి?

మన ఆయుర్వేదంలో మాధవకరుడు తన నిదాన గ్రంథంలో ఆమవాతాన్ని వర్ణించాడు. సరిగా జీర్ణం కాని 'ఆమం' కీళ్ళకు చేరుతుందని ఆయన అభిప్రాయం. ఆహారానికీ కీళ్ళకూ ముడి అంత పాతది. గౌట్ విషయంలో ఆ ముడి నిజమే. రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువని 1848లో చూపినవాడు ఇందాక చెప్పిన గారోడే. మాంసం, కార్జం, బీరు తగ్గిస్తే గౌట్ రోగికి మేలు.

రుమటాయిడ్ విషయం అంత తేలిక కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిన్ డాంగ్ అనే వైద్యుడి పథ్యం ఒకప్పుడు బాగా ప్రసిద్ధి. 1983లో రిచర్డ్ పానుష్ 26 మందితో దాన్ని పరీక్షించాడు. ఒక గుంపుకు డాంగ్ పథ్యం, రెండో గుంపుకు పథ్యంలా కనిపించే మామూలు తిండి. మొదటి గుంపులో 11 మందిలో 5గురు, రెండోదాంట్లో 15 మందిలో 6గురు మెరుగయ్యారు. అంటే తేడా లేదు. అయితే అదే పానుష్ 1986లో, పాలు తాగితే కీళ్ళు వాస్తాయని చెప్పిన ఒక స్త్రీని కొట్టిపారేయలేదు. పాలపొడిని గొట్టాల్లో నింపి, ఆమెకు తెలియకుండా ఇచ్చి చూశాడు. ఆమె చెప్పింది నిజమే! అలాంటివారు ఉన్నారు, కాని బహు కొద్దిమంది.

నార్వేలో 1991లో 53 మందితో జరిగిన పరీక్ష మరింత ఆసక్తికరం. వారం పది రోజుల ఉపవాసం, ఆపైన కొన్ని నెలలు పాలు, గోధుమ కూడా లేని శాకాహారం, తర్వాత క్రమంగా పాలతో కూడిన శాకాహారం. ఏడాది తర్వాత కూడా ఆ గుంపు మెరుగ్గానే ఉంది. తాము ఏం తింటున్నామో రోగులకు తెలియకుండా ఉండదు కనుక దీన్ని తుదితీర్పు అనలేం. చేపనూనె కూడా నొప్పిని కొద్దిగా తగ్గిస్తుందని పలు పరీక్షలు చూపాయి. వంకాయ, చింతపండు మీద మనవాళ్ళ ఆరోపణకు మాత్రం ఇలాంటి పరీక్షల ఆధారం నాకు కనిపించలేదు. కోయంబత్తూరులో 43 మందితో ఆయుర్వేద చికిత్సను మెథోట్రెక్సేట్‌తో పోల్చిన పరీక్ష 2011లో వెలువడింది. మూడు గుంపుల ఫలితాలూ దాదాపు సమానంగా వచ్చాయి. ఇది పెద్ద పరీక్షకు ముందు చేసే చిన్న ప్రయత్నం మాత్రమే. అయినా మన వైద్యాన్ని కూడా కొలవవచ్చని చూపినందుకు దాన్ని మెచ్చుకోవాలి.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తల్లి వేళ్ళు వాచిన తర్వాత దాదాపు ఏడాదిన్నర పథ్యాలతో గడిపింది. అన్నం మానింది, పప్పు మానింది, సగమైంది. మధ్యలో ఎవరో ఇచ్చిన పొడితో వారం రోజుల్లో నొప్పి పోయింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉందని తర్వాత తెలిసింది. అసలు వైద్యుడి దగ్గరకు చేరేసరికి రెండు వేళ్ళ కీళ్ళు దెబ్బతిని ఉన్నాయి. ఈ జబ్బులో మొదటి కొన్ని నెలలే విలువైనవి. అప్పుడు మందు మొదలైతే కీళ్ళు నిలుస్తాయి. పథ్యం దానికి తోడుగా ఉంటే అభ్యంతరం లేదు.

కథ ఇంకా ముగియలేదు. 2013లో న్యూయార్కు పరిశోధకులు జబ్బు కొత్తగా వచ్చిన, ఇంకా మందులు మొదలుపెట్టని రోగుల పేగుల్లో ప్రెవోటెల్లా కోప్రి అనే బాక్టీరియా కోసం వెదికితే 75 శాతం మందిలో అది కనిపించింది. ఆరోగ్యవంతుల్లో సుమారు 21 శాతం మందిలోనే ఉంది. బిల్లింగ్స్ వెదికిన చీముగూడు కాదిది. కాని పేగులు, చిగుళ్ళు, ఆహారం, రోగనిరోధక వ్యవస్థ, అన్నీ మళ్ళీ ఒకే బల్ల మీదికి వచ్చాయి. ఆ బాక్టీరియా జబ్బును తెచ్చిందా, జబ్బే ఆ బాక్టీరియాకు చోటిచ్చిందా అన్నది మీలో ఎవరైనా తేల్చవలసిన ప్రశ్నగా మిగిలి ఉంది.